ముంజెలకు ఋతువు రాలేదు

ముప్ఫై ఆరేళ్ళు జిల్లా కార్యాలయంలో పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. అన్నేళ్ళలో నేను రాసిన నోటు ఒక్కటి కూడా మొదటిసారి చదవగానే ఎవరికైనా అర్థమైన దాఖలా లేదు. అదే నా గొప్ప అనుకునేవాణ్ణి. "పట్నాయక్ రాసిన నోటు" అంటే పై అధికారులు కళ్ళజోడు తుడుచుకుని, రెండుసార్లు చదివి, మూడోసారి చదివే ఓపిక లేక సంతకం పెట్టేసేవారు. రిటైరయ్యాక, ఇల్లాలు కూడా పోయాక, సముద్రం రోడ్డులో ఉన్న పట్టణ వయోవృద్ధుల వసతి గృహంలో చేరాను. మొత్తం ముప్ఫై ఒక్క మందిమి. తిండికీ గాలికీ లోటు లేదు. రాయడానికే ఏమీ ఉండేది కాదు.

ఆ దిగుల్లో ఉండగా ఫాల్గుణ మాసంలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఒకే ఒక్క వాక్యం. "వసతి గృహములలోని వృద్ధులకు ఋతువునకు తగిన ఆరోగ్యకరమైన ఆహారము అందజేయవలెను."

మతి ఉన్నవాడైతే వంటమనిషి చిన్నమ్మడిని పిలిచి, బజార్లో ఏది తాజాగా వస్తే అది వండమని చెప్పి ఊరుకుంటాడు. చిన్నమ్మడు అప్పటికే చేస్తున్న పని కూడా అదే. కానీ మా వార్డెను లజపతిరాయ్ మతి మీద ఆధారపడి ఉద్యోగం చేసే మనిషి కాదు. ఉత్తర్వు పట్టుకుని నా గదికి వచ్చాడు.

"సార్, ఇందులో ఋతువు అంటే ఏమిటో నిర్వచించలేదు. 'తగిన' అన్నారు, ఎవరు తగునని తేల్చాలో చెప్పలేదు. రేపు తనిఖీకి వచ్చినవాళ్ళు ఈ వంకాయ ఏ ఋతువుదని అడిగితే నేనేం సమాధానం చెప్పుకోవాలి? మీలాంటి అనుభవజ్ఞులు విధివిధానాలు రూపొందిస్తే బాగుంటుందని నా మనవి."

నా ఒళ్ళు పులకరించింది. పెళ్ళిచూపుల నాడు కూడా అంత పులకరించలేదు. నాలుగు రోజులు తలుపు వేసుకుని కూర్చున్నాను. పద్నాలుగు పేజీలు, ఇరవై రెండు నియమాలు, ఆరు ఋతువులకు ఆరు ఆహార పట్టికలు తయారయ్యాయి.

పట్టికల కోసం ఎక్కడో దొరికిన పాత ఆరోగ్య కరపత్రం ఒకటి ముందు పెట్టుకున్నాను. వసంత ఋతువులో కఫం ప్రకోపిస్తుంది కనుక చల్లనివీ, తీయనివీ, నీరుగా ఉండేవీ పనికిరావని అందులో ఉంది. కాబట్టి వసంతం కింద ఉలవచారు, అల్లం, మిరియాలు, శొంఠి వేసి కాచిన నీళ్ళు రాశాను. గ్రీష్మం కింద మజ్జిగ, కొబ్బరి నీళ్ళు, పుచ్చకాయలు, తాటి ముంజెలు రాశాను. ఎండాకాలం సరుకు ఎండాకాలం కిందే కదా ఎవరైనా రాస్తారు. అంతవరకూ నా తప్పేమీ లేదు.

తప్పంతా ఒకటో నియమంలో ఉంది. "ఋతువు అనగా పంచాంగమునందు చెప్పబడిన ఋతువు" అని రాశాను. పంచాంగం ప్రకారం చైత్రం, వైశాఖం వసంతం. జ్యేష్ఠం వస్తే గానీ గ్రీష్మం రాదు. మా ఊళ్ళో ఎండలు చైత్రంలోనే మాడ్చేస్తాయి. జ్యేష్ఠం నాటికి ముంజెలు ముదిరి గోరు దిగకుండా అయిపోతాయి. ఈ సంగతి తాటిచెట్టుకి తెలుసు, మా గేటు దగ్గర ముంజెలమ్మే అసిరితల్లికి తెలుసు. నాకు తెలియలేదు. డెబ్భై ఏళ్ళపాటు ప్రతి వేసవిలోనూ ముంజెలు తిన్నాను గానీ ఏ మాసంలో తింటున్నానో ఒక్కసారీ చూసుకోలేదు.

నియమాల అమలుకి ఋతు ఆహార ధ్రువీకరణ ఉపసంఘం ఏర్పడింది. రిటైరైన తెలుగు పండితులు అవధాని మాస్టారు అధ్యక్షులు. నేను కార్యదర్శిని. రైల్వే గార్డుగా చేసిన డేవిడ్ గారూ, మరో ఇద్దరూ సభ్యులు. గృహంలో ఉన్నవాళ్ళెవరైనా అర్జీ పెట్టుకుంటే ఉపసంఘంలో చేర్చుకోవచ్చని పదకొండో నియమంలో ఉదారంగా రాశాను. ఎవరూ చేరరన్న ధీమాతోనే రాశాననుకోండి.

ఉగాది నుంచి నియమాలు అమల్లోకి వచ్చాయి. మొదటి వారం ఉలవచారు బాగానే ఉంది. మూడో వారానికి బయట రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. లోపల మేము చెమటలు కక్కుతూ వేడి శొంఠినీళ్ళు ఊదుకుని తాగుతున్నాం. వరండాలో ఉన్న రెండు కూలర్లకీ వార్డెను తాళం వేశాడు.

"నియమాల్లో కూలర్ల ప్రస్తావన లేదు కదయ్యా" అన్నాను.

"లేదు సార్. కానీ భోజనాల గదిలో వసంతం, వరండాలో గ్రీష్మం ఉంటే ఏకరూపత దెబ్బతింటుంది. మీ నియమాల స్ఫూర్తికి అది విరుద్ధం."

నా నియమాలకి స్ఫూర్తి అనేది ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది. కాదనడానికి మనసు రాలేదు.

అప్పుడే గున్నమ్మ నా దగ్గరికి వచ్చింది. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి. పెద్దాసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు ఆయాగా చేసింది. వెనకా ముందూ ఎవరూ లేరు. నోట్లో రెండు పళ్ళున్నాయి గానీ అవి ఒకదానికొకటి ఎదురుపడవు.

"పట్నాయకు బాబూ, గేటుకాడ అసిరితల్లి ముంజెలు దించినాది. ఓ నాలుగు తెచ్చుకుంతాను. ఈ ఉలవసారు నాకు గొంతు దిగట్నేదు. కడుపులో మంటెత్తిపోతంది."

"ముంజెలకి ఇంకా ఋతువు రాలేదమ్మా" అన్నాను.

ఆవిడ గేటు వైపు చూసింది. అక్కడ అసిరితల్లి ముందు ముంజికాయలు కుప్పగా పోసి ఉన్నాయి.

"రాకపోతే అవేటి మరి?"

"అవి ఋతువు కాని ఋతువులో వచ్చాయి. బయటి తిండి గేటు దాటి లోపలికి రాకూడదని ఏడో నియమం."

"సరే, గేటు అవతల నిలబడే తింతాను."

"వృద్ధులు గేటు అవతలికి వెళ్ళినా వృద్ధులే కనుక నియమాలు అక్కడా వర్తిస్తాయని ఎనిమిదో నియమం."

"తిన్నాననుకో. ఏటి సేత్తారు?"

నేను కాగితాలు సర్దడం మొదలుపెట్టాను. నియమం తప్పినవారి మంచం ఖాళీ చేయించవచ్చునని పదో నియమంలో నేనే రాశాను. ఏ నియమావళికైనా అలాంటిది ఒకటి ఉంటే నిండుగా ఉంటుందని రాశాను, అంతే. గున్నమ్మకి ఆ మంచం తప్ప ఇంకో చోటు లేదు. ఆవిడ మళ్ళీ గేటు వైపు చూసి, "ముంజెలు ఎన్నాళ్ళుంతాయి బాబూ, మా ఎక్కువైతే నెలా నెలన్నర. ఆ గ్రీస్మం ఎప్పుడొత్తాదో బేగి రమ్మను" అని వెళ్ళిపోయింది.

ముంజెల కోసం ఆవిడ చేత అర్జీ పెట్టించాను. నేనే రాసి ఇచ్చాను. ఉపసంఘం అత్యవసరంగా సమావేశమైంది.

"అర్జీదారు కోరిక సమంజసమా కాదా అన్నది పిమ్మట విచారింతము. అసలు ముంజెలు ఋతువులో ఉన్నవా లేవా అన్నది ప్రత్యక్ష ప్రమాణము చేత నిర్ధారణ కావలెను. కావున క్షేత్ర పరిశీలన అనివార్యము" అన్నారు అవధాని మాస్టారు.

మర్నాడు పొద్దున్నే ఐదుగురమూ మా గోడ వెనకనున్న తాటితోపుకి పరిశీలనకి వెళ్ళాం. అసిరితల్లి మొగుడు అప్పుడే గెలలు దింపుతున్నాడు. కాయ తల నరికి చేతికిచ్చాడు. బొటనవేలు పెట్టి తిప్పితే ముంజె లేతగా ఊడొచ్చి, నీళ్ళు మోచేతి దాకా కారాయి. ఒక కాయ తింటే ఆ కాయ సంగతే తెలుస్తుంది గానీ తోపు మొత్తం సంగతి తెలియదని డేవిడ్ గారు న్యాయంగా అభ్యంతరం చెప్పారు. దాంతో ప్రతి చెట్టుకీ కొన్ని చొప్పున చూశాం. నా వాటాకి పద్నాలుగు ముంజెలు వచ్చాయి. నిజం చెబుతున్నాను, పద్నాలుగో దాని దగ్గర గున్నమ్మ గుర్తొచ్చింది. గుర్తొచ్చాక పదిహేనోది తీసుకోలేదు. అంతటి త్యాగమూర్తిని నేను.

తిరిగొచ్చి తీర్మానం రాశాను. "క్షేత్ర పరిశీలనలో ముంజెలు లేతగాను, చల్లగాను, మిక్కిలి రుచిగాను ఉన్నట్లు గుర్తించడమైనది. అయినను ఋతువు ప్రారంభం కానందున అర్జీ తిరస్కరించడమైనది. పరిస్థితిని ఉపసంఘము ఎప్పటికప్పుడు సమీక్షించును."

ఎప్పటికప్పుడు అంటే రోజు విడిచి రోజు. ముంజె ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు కదా. రెండో వారం నుంచి అసిరితల్లే నమూనాలు తెచ్చి కార్యాలయం గదిలో పెట్టేది. తలుపు వేసుకుని పరీక్షించేవాళ్ళం. ఉపసంఘం పరీక్ష కోసం తెచ్చింది ఆహారం కిందికి రాదని తొమ్మిదో నియమంలో ఉంది. అది కూడా నేనే రాశాను.

వైశాఖం దాటాక గున్నమ్మకి మొదటి గెల నేనే స్వయంగా ఇస్తానని మాటిచ్చి ఉన్నాను. లేత గెలలు చివరిదాకా దొరికే చెట్లు నాలుగైదు తోపులో ఉన్నాయని అసిరితల్లి చెప్పింది. ఆ ఆశతో ఉండగా ఒక సమావేశంలో అవధాని మాస్టారు పంచాంగం తిరగేసి, చాలా నెమ్మదిగా కళ్ళజోడు తీశారు.

"కార్యదర్శి గారూ, ఈ సంవత్సరము అధిక వైశాఖము కలదు. మొదట అధిక వైశాఖము, ఆ తరువాత నిజ వైశాఖము. అనగా వసంతము మూడు మాసములు."

ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో నా నియమాలు మనుషుల్ని ఇబ్బంది పెట్టడం చూశాను గానీ, సూర్యచంద్రులు కూడబలుక్కుని నా నియమాలకి సాయం చేయడం ఎన్నడూ చూడలేదు. వెంటనే స్పష్టీకరణ కోరుతూ జిల్లాకి రాశాం. జిల్లా సంక్షేమ అధికారిణి ఫోన్లోనే సమాధానం ఇచ్చారు.

"చూడండి, ఋతువుని ముందుకి జరపడం విధానపరమైన నిర్ణయం. అది మా స్థాయిలో జరిగే పని కాదు. ఈలోగా అందుబాటులో ఉన్న ఋతువుని సమర్థవంతంగా వినియోగించుకోండి."

గున్నమ్మ చేరినప్పుడు నలభై ఒక్క కిలోలు ఉండేది. ఆ వారం తూకంలో ముప్ఫై ఆరు వచ్చింది. రెండు రోజుల తర్వాత వరండాలో నడుస్తూ కళ్ళు తిరిగి గోడకి జారబడి కూర్చుండిపోయింది. డాక్టరు వచ్చి, "ఏది దిగితే అది పెట్టండి. చల్లగా, మెత్తగా ఉండేది ఏదైనా" అని చీటీ రాసిచ్చాడు. వార్డెను ఆ చీటీని వెనకా ముందూ తిప్పి చూసి, "ఇందులో ఋతువు పేర్కొనలేదు సార్" అన్నాడు. నాకు సిగ్గేసింది. చెప్పడానికి ఇంకో మాట లేదు, నిజంగా సిగ్గేసింది. నియమం మార్చేద్దామనుకున్నాను. మార్చాలంటే ఇరవై రెండో నియమం ప్రకారం ముసాయిదా అరవై రోజులు గోడకి అంటించి అభ్యంతరాలు ఆహ్వానించాలి. అంత పకడ్బందీగా రాశాను మరి.

ఆ సాయంత్రం గున్నమ్మ గోడ పట్టుకుని కార్యాలయం గదికి వచ్చింది. వచ్చేసరికి ఐదుగురమూ పరీక్షలో ఉన్నాం. నా గడ్డం మీదుగా నీళ్ళు కారుతున్నాయి.

"ఇదేటి బాబూ? మీరు తింతన్నారు కదా?"

"తినడం కాదమ్మా. పరీక్ష" అన్నాను నోరు తుడుచుకుంటూ.

ఆవిడ గుమ్మంలోనే నిలబడి మా ఐదుగురి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అయితే నానూ పరీచ్చ సేత్తాను. దానికేటి సెయ్యాల?"

పదకొండో నియమం తీసి చదివాను. మళ్ళీ చదివాను. నా జీవితంలో మొదటిసారి నేను రాసిన నియమం ఒకటి నాకే ఒక్క చదువులో అర్థమైంది. కాగితం తీసి అర్జీ రాశాను. గున్నమ్మ వంకరగా, కానీ గట్టిగా సంతకం పెట్టింది. అవధాని మాస్టారు ఆమోదించారు. ఆవిడ కుర్చీలో కూర్చుని, బొటనవేలు ముంజెలో దింపి, కళ్ళు మూసుకుని పరీక్షించింది. ఐదు పరీక్షించింది.

"ఎలా ఉన్నాయమ్మా?" అన్నాను.

"ఋతువు రానేదు బాబూ. రేపు మళ్ళీ సూడాల."

మర్నాడు పొద్దున్నే ఏడుగురు అర్జీలు పెట్టారు. వారం తిరిగేసరికి గృహంలో ఉన్న ముప్ఫై ఒక్క మందిమీ ఉపసంఘ సభ్యులమే. కార్యాలయం గది చాలక పరీక్షలు వరండాలోకి మారాయి. ముంజెలతో ఆగలేదు. పుచ్చకాయలకి ఋతువు వచ్చిందేమోనని ఒక బృందం, మజ్జిగకి ఒక బృందం బయల్దేరాయి. చిన్నమ్మడు ఉలవచారు కాచడం మానలేదు గానీ తాగేవాళ్ళు లేరు. అందరి ముఖాల్లోనూ కళ వచ్చింది. గున్నమ్మ ముప్ఫై ఎనిమిదికి వచ్చింది. నేను రాసినవాటిలో మనుషులకి మేలు చేసినది ఈ పదకొండో నియమం ఒక్కటేనని లోపల్లోపల పొంగిపోయాను.

ఆ పొంగు నాలుగు రోజులుంది. ఐదో రోజు వార్డెను చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"సార్, చిన్న సాంకేతిక సమస్య. సభ్యులు లబ్ధిదారులు కారని మీ మూడో నియమం. సంరక్షించవలసిన వృద్ధులు లేనప్పుడు ఉపసంఘం దానంతటదే రద్దవుతుందని నాలుగో నియమం. ప్రస్తుతం మన వృద్ధుల గృహంలో వృద్ధులెవరూ లేరు సార్. ఉపసంఘం రద్దయితే పరీక్షలూ ఉండవు. కనీసం ఒక్కరైనా వృద్ధులుగా కొనసాగాలి."

సర్వసభ్య సమావేశం పెట్టాం. ఒక్క వృద్ధుడు కావాలి. స్వచ్ఛందంగా ముందుకు రమ్మని అవధాని మాస్టారు కోరారు. అందరూ తలలు వంచుకుని తమ తమ వయసు తగ్గించుకునే ప్రయత్నంలో పడ్డారు. తొంభై దాటిన ఒకాయన తను మధ్యవయస్కుడినని వాదించారు. చివరికి గున్నమ్మ లేచింది.

"పట్నాయకు బాబు ఉన్నాడు కదా. రూలన్నీ రాసినోడు. మాకెవులికీ రూలు సరిగా తెలవదు, తప్పులు సేసేత్తాం. ఆ బాబైతే ఒక్క తప్పు సెయ్యడు."

చప్పట్లు మోగాయి. తీర్మానం ఏకగ్రీవం. కార్యదర్శిగా నా చివరి పని ఆ తీర్మానాన్ని అందంగా రాయడం. రాశాను. అక్షరం కూడా వంకరపోలేదు.

ఆ రోజు నుంచి ముప్ఫై మంది సంరక్షణలో ఉన్న ఏకైక వృద్ధుణ్ణి నేను. నా ఉలవచారు వేడి చూసేవారు ఒకరు. మిరియాలు లెక్కపెట్టేవారు ఒకరు. నేను మింగానా లేదా అని గొంతు వైపు చూసి పుస్తకంలో రాసుకునేవారు ఇద్దరు. ఒళ్ళంతా చెమటకాయలు పేలాయి. నా తూకం వారానికో కిలో తగ్గుతుంటే ఆ తగ్గినది కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో నమోదైంది. పదిరోజుల తర్వాత జిల్లా సంక్షేమ అధికారిణి స్వయంగా వచ్చారు. వరండాలో వరసగా కూర్చుని పరీక్షలు చేస్తున్న ముప్ఫై మందినీ, మధ్యలో శొంఠినీళ్ళ గ్లాసుతో కూర్చున్న నన్నూ చూసి ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"ఒక్క వృద్ధుడికి ముప్ఫై మంది సంరక్షకులు! ఈ నిష్పత్తి మరెక్కడా నేను చూడలేదు. దీన్ని ఆదర్శ నమూనాగా పైకి పంపుతాను. పెద్దాయనా, మీ అనుభవం రెండు మాటల్లో చెప్పండి."

ముప్ఫై జతల కళ్ళు నా మీద ఉన్నాయి. అందులో గున్నమ్మ కళ్ళు కూడా ఉన్నాయి. నేను ఒక్క మాట కాదంటే అసిరితల్లి మర్నాటి నుంచి లోపలికి రాదు.

"చాలా బాగుందమ్మా" అన్నాను. అన్నేళ్ళ సర్వీసులో నేను ఇచ్చిన అతి చిన్న నివేదిక అదే.

నిజ వైశాఖం మూడో వారం వచ్చింది. ఒక మధ్యాహ్నం అసిరితల్లి బుట్ట దించి, "ఇదే ఆకరు గెల. రేపటినుండి అన్నీ గట్టిపడిపోతాయి" అని చెప్పింది. ఉపసంఘం మొత్తం ఆ గెల చుట్టూ చేరింది. నేను నా బల్ల మీద కూర్చుని శొంఠినీళ్ళు ఊదుకుంటున్నాను. చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. నోట్లో నీళ్ళూరుతున్నాయి, మింగితే పుస్తకంలో రాస్తారని మింగకుండా కూర్చున్నాను. గెల అయిపోయింది. ఒక్కొక్కరే లేచి పడకలకి వెళ్ళారు. నా గొంతు మీద నిఘా పెట్టిన ఇద్దరూ కూడా కునుకు తీయడానికి వెళ్ళిపోయారు.

గున్నమ్మ మాత్రం మిగిలింది. అరచేతిలో ఏదో దాచుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. పైపొర శుభ్రంగా ఒలిచేసిన ముంజె. అద్దంలా ఉంది. లోపల నీళ్ళు కదులుతున్నాయి.

"ఆకరుది బాబూ. ఎవులూ సూడట్నేదు. నోరు తెరు."

నాకు ఏడుపొచ్చింది. ఈ మనిషికి నేను చేసినదేమిటి, ఈవిడ చేస్తున్నదేమిటి అనిపించింది. ముంజె నా పెదవులకి తగిలింది, చల్లగా ఉంది. నోరు తెరిచాను.

"అమ్మా, పరీక్షా నమూనాను లబ్ధిదారుకు నేరుగా అందజేయరాదు. పంతొమ్మిదో నియమం, రెండో ఉపనియమం. దానికి మూడు మినహాయింపులు ఉన్నాయి. మొదటిది..."

ఒట్టు, నేను తిందామనే తెరిచాను.

గున్నమ్మ కాసేపు ఓపిక పట్టింది. మొదటి మినహాయింపు విన్నది. రెండోది సగం విన్నాక, "అలగా" అని ముంజె తన నోట్లో వేసుకుంది. పరీక్ష కోసం తెచ్చినవాటిలో ఆఖరిది మిగిలితే లబ్ధిదారు తినవచ్చునన్నది మూడో మినహాయింపు. నేను అక్కడికి వచ్చేసరికి ఆవిడ మింగేసింది.